ఒకే రోజు దింపిన నలభై కప్పులు

“రేకుల మీదికి ఎక్కొద్దని సెప్పేనా లేదా మావా?”

“నానెక్కకపోతే నువ్వెక్కుతావేటి? ఆ బోల్టుల సంచి ఇలాగందీ, వాన దిగిపోతంది.”

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. సంచి అందించాను. అతను పై వరసకు పాకాడు. సిమెంటు రేకు విరిగి లోపల గచ్చు మీద పడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపు పోయాడు. కరోనా రావడానికి ముందు వానాకాలం అది.

మా ఆయన సింహాద్రి అరకులోయ పక్కన కాఫీ తోటల కార్మికుల గృహ నిర్మాణ సహకార సంఘంలో పనుల మేస్త్రీ. దినకార్యాలు అయ్యాక సంఘం కమిటీ పిలిచి ఆ ఉద్యోగం నాకిచ్చింది. జాలిపడి ఇచ్చారని కొందరన్నారు. నిజమే కావచ్చు. కాని ఆ ఇళ్లు కట్టేటప్పుడు సిమెంటు మాలు కలిపిన చెయ్యి నాది, ఏ గోడలో ఏముందో నాకు తెలుసు. ఆ ఉద్యోగంలోనే ఈమధ్య రిటైరయ్యాను. సంఘం ఇళ్లు బాగుచేసే పని ఎలా నడుస్తుందో చెప్పమని కొందరు అడిగితే ఇది చెప్తున్నాను. నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు పైడమ్మ రాస్తోంది.

మాది కిందిదేశం. తాపీ పని కోసం ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. కాలనీలో నలభై ఇళ్లు, నాలుగు వరసలు. సభ్యులంతా కొండ మనుషులు. ఎవరి ఇల్లు వారిదే గాని, స్థలం, దారి, నీళ్ల ట్యాంకు, కప్పుల బాగోగులు సంఘానివి. ఆ బాగోగులకు జీతమిచ్చి పెట్టుకున్న మనిషే పనుల మేస్త్రీ. మేస్త్రీ పైన కార్యదర్శి, లెక్కలూ ఉత్తరాలూ ఆయనవి. ఆయన పైన సభ్యులు ఎన్నుకున్న కమిటీ, దానికో అధ్యక్షుడు. నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు. మిగతాదంతా చేతికీ కంటికీ వచ్చింది.

ఉద్యోగంలో చేరగానే నేనొక నియమం పెట్టాను. పలక లేకుండా ఎవరూ రేకు మీద కాలు పెట్టకూడదు. పలక అంటే పొడవాటి చెక్క. దాని మీద అడ్డకర్రలు కొట్టి, ఒక చివర ఇనప కొక్కెం బిగిస్తాం. కొక్కేన్ని కప్పు నడినెత్తిన ఉండే కొప్పుకి తగిలిస్తే మనిషి బరువు రేకు మీద కాకుండా కింది దూలాల మీద పడుతుంది. అలాంటివి రెండు చేయించాను. నలభై ఇళ్లకు రెండు చాలనుకున్నాను, ఎందుకంటే ఒకేసారి రెండు కప్పుల కంటే ఎక్కువ మీద పని పడుతుందని నేను గాని, కమిటీ గాని ఊహించలేదు.

ఆ సిమెంటు రేకులు పాతబడి, పాచిపట్టి, వడగళ్లకు పగుళ్లిచ్చాయి. ఏటేటా అతుకులు వేసి విసిగిపోయి, కరోనా తగ్గాక సర్వసభ్య సమావేశంలో కప్పులన్నీ మార్చేయాలని తీర్మానించారు. గోడల మీద చుట్టూ కాంక్రీటు బెల్టు, దాని మీద ఇనప ట్రస్సులు, అంటే రేకుల్ని మోసే చట్రాలు, వాటి మీద రంగు రేకులు. డబ్బు మూడు చోట్ల నుంచి రావాలి. కొంత ప్రభుత్వ గ్రాంటు, కొంత సంఘం పేరున బ్యాంకు అప్పు, మిగిలింది సభ్యుల వాటా. సభ్యుల దగ్గర రొక్కం లేదు కనక ఆ వాటాను ఒంటి కష్టంగా ఇస్తామని పై వాళ్లను ఒప్పించాం. పాత కప్పు దించడం, ఇసకా ఇనుమూ మోయడం, మేస్త్రీలకు చేతి సాయం చేయడం, అన్నీ సభ్యులవే.

గ్రాంటు నలభై ఇళ్లకూ ఒకేసారి రాలేదు. మొదటి ఏడాది పది ఇళ్లకే మంజూరు, అది కూడా విడతలుగా. మొదటి విడతకు ముందు కొలత జరగాలి. పాత కప్పు గోడల మీద ఉండగా ఏఈ, అంటే చిన్న ఇంజినీరు, వచ్చి చూసి, ఫొటో తీసి, కొలతల పుస్తకంలో ఎక్కించాలి. ఆ పుస్తకాన్ని ఎం-బుక్ అంటారు. అందులో ఎక్కని పని జరగనట్టే లెక్క. మొదటి విడత పడితే గాని బ్యాంకు తన వాటా వదలదు. బ్యాంకు వదిలితే గాని ట్రస్సుల దుకాణం వాడు ఇనుము పంపడు. ఒకదాని తోక ఒకటి పట్టుకుని నడిచే ఎడ్లలాంటి వ్యవహారం. ముందు ఎద్దు ఆగితే అన్నీ ఆగుతాయి.

చీట్లు వేసి పది ఇళ్లు తీశారు. సంత మర్నాడు వస్తానని ఏఈ కబురు పెట్టాడు. ఈలోపు ట్రస్సుల ఇనుము చూసి రావడానికి నేనూ కార్యదర్శీ విశాఖపట్నం దిగాం. పని చూసుకుని, సంత రోజున కిరండూల్ రైలు బండిలో తిరిగొచ్చాం.

స్టేషను నుంచి కాలనీకి దారి మెరక మీద నుంచి దిగుతుంది. ఎప్పుడూ అక్కడి నుంచి కప్పులే కనిపిస్తాయి. ఆ రోజు ఇళ్ల లోపల కనిపించింది. పొయ్యిలు, మంచాలు, దండెం మీద బట్టలు, ఒక గదిలో ఉయ్యాల. నలభై ఇళ్లలో ఒక్కదానికీ కప్పు లేదు. ఏ ఇంటి రేకులు ఆ ఇంటి ముందు పేర్చి ఉన్నాయి, ఎంతో పద్ధతిగా. కార్యదర్శి దారి పక్క రాయి మీద చతికిలబడ్డాడు. తూర్పున మబ్బు పట్టి ఉంది.

అధ్యక్షుడు డొంబ్రు కాలనీ మధ్య నిలబడి చుట్ట కాలుస్తున్నాడు. వయసులో నాకంటే పెద్ద. నన్ను మేస్త్రమ్మ అంటాడు, నేనతన్ని బావా అంటాను.

“ఏటి బావా ఇది?”

“దిసారి మంచి రోజు సెప్పినాడు, దించేసినాం. నీ మాట దాటలేదు మేస్త్రమ్మా. కింద నించే బోల్టులు కోసినాం, ఒక్కడూ పైకెక్కలేదు.”

దిసారి అంటే ముహూర్తం చెప్పే కొండ పెద్ద.

“మంజూరు పదిళ్లకే కదా.”

“మరి తక్కినోళ్లు ఏటి సేత్తారు? ఆళ్ల మొకాలు సూత్తా కూసుంటారేటి?”

నాకు అప్పటికి అర్థమైంది. కొండ మీద ఇల్లు కప్పడం ఊరంతటి పని. ఒకరి కప్పు విప్పితే ఊరంతా వచ్చి, కప్పి, అంబలి తాగి పోతారు. వాళ్ల వంతు వచ్చినప్పుడు వీళ్లు వెళ్తారు. కూలి లేదు, కొలత లేదు. తొలకరికి ముందే అందరి వంతూ అయిపోవాలి. ఒక్క ఇల్లు మిగిలినా ఊరికి మాటొస్తుంది. మేము సభ్యుల వాటా కష్టంగా ఇవ్వొచ్చు అన్నాం. వాళ్లు తమకు తెలిసిన పద్ధతిలో ఇచ్చేశారు.

దానికి తోడు, లోగడ ఒక పథకంలో రెండు వరసలకు మరుగుదొడ్లు కట్టి ఆపేశారు. తక్కిన రెండు వరసలకు రానే లేదు. డొంబ్రు అది మరిచిపోలేదు.

“సగం మందికొచ్చి సగం మందికి రాకపోతే ఊరు రెండయిపోద్ది. ఇప్పుడెవురొచ్చినా నలభై ఇళ్లూ సూసి తీరాల.”

ఈ తప్పు కిందిదేశంలో ఎవరూ చేయరు. అక్కడ చీటీ తగలనివాడు తగిలినవాడి మీద అర్జీ పెడతాడు గాని, తన కప్పు తాను విప్పుకోడు.

మర్నాడు ఏఈ వచ్చాడు. శ్రీకాకుళం వైపు కుర్రాడు, ఉద్యోగం కొత్త. మోటారు సైకిలు దిగి, నాలుగు వరసలూ నడిచి, మళ్లీ మొదటికి వచ్చి, హెల్మెట్టు తీయకుండానే నిలబడ్డాడు.

“అమ్మా, లేని కప్పుని ఎలాగ కొలవను? రాత్తే నా ఉద్యోగం పోద్ది, రాయకపోతే మీ గ్రాంటు పోద్ది.”

నాలుగో వరస చివరింటి సొనాయి పక్కనే ఉంది. “ఉద్యోగం పోతే మా తోటలోకి రా బాబూ, కాపీ పళ్లు కోసుకుందువు గాని,” అంది. ఎవరూ నవ్వలేదు. ఆ కుర్రాడు మాత్రం కొంచెం నవ్వాడు, పాపం.

ఆ పదిళ్ల మీద రేకులు మళ్లీ పెడతాం, కొలిచి వెళ్లు అన్నాడు డొంబ్రు. ఏఈ ఒప్పుకోలేదు, అది నాటకం అన్నాడు. పక్కకు వెళ్లి డీఈతో ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. డీఈ అంటే అతని పై అధికారి, ఆడమనిషి. ఏఈ తిరిగొచ్చి చెప్పింది ఇదీ. దించిన రేకులు ఏ ఇంటివి ఆ ఇంటి దగ్గర పేర్చి ఉన్నాయి కనక, ఆ పేర్పులనే కొలిచి ముందు కొలతగా ఒప్పుకునే అధికారం డీఈకి ఉంది. తనకు లేదు. ఆవిడ స్వయంగా వచ్చి కళ్లతో చూడాలి. అంతవరకు ఆ పది పేర్పుల్లోంచి ఒక్క రేకు కదిలినా ఆవిడ ఏమీ చేయలేదు.

ఎప్పుడొస్తారని అడిగాను. రేపో ఎల్లుండో అన్నాడు. ఆ సాయంత్రమే కింద ఘాట్‌లో పెద్ద వాన కురిసి కొండచరియ పడింది, దారి మూసేశారు. మా దగ్గర ఇంకా చినుకు పడలేదు.

కమిటీ సామాజిక భవనంలో కూర్చుంది. నేను చెప్పాను. పది ఇళ్లవాళ్లు ఈ భవనంలోకి సామాను తెచ్చుకోవాలి. మిగతా ముప్పై ఇళ్లకు ఈ ఏడాది మంజూరే లేదు, వాటి రేకులు కొలతకు అక్కర్లేదు. అవి తిరిగి ఎక్కించేయాలి, వాన దిగేలోపు. ఎవరూ కాదనలేదు. తల వంచుకుని డొంబ్రు కూడా సరేనన్నాడు. దించిన చేతులతోనే మళ్లీ ఎక్కించడం అతనికి ఎంత కష్టమో నాకు తెలుసు.

చిక్కు ఎక్కడంటే, దించడంలో కొన్ని రేకులు బీటలిచ్చాయి. ముప్పై కప్పులకు సరిపడా మంచివి లేవు. మంచివి పది ఇళ్ల పేర్పుల్లో ఉన్నాయి. కార్యదర్శి ఆ పేర్పుల చుట్టూ సున్నం గీతలు గీయించాడు. ఆ ముప్పై ఇళ్లలో అందరి కంటే ఎక్కువ బీటలు సొనాయి రేకులకే. ఆమె తెల్లారగానే గీత దగ్గరకొచ్చి నిలబడింది.

“నాకు రెండు రేకులియ్యి అక్కా. గాదెలో చోడి యిత్తనముంది.”

“డీఈ గారొచ్చాక ఇస్తాను.”

“యిత్తనం తడిసిపోతే ఏటి సల్లుతాను? నీ కొలతల బుక్కు సల్లనేటి?”

చోడి అంటే రాగులు, ఆ విత్తనమే ఆమెకు వచ్చే ఏడాది తిండి. ఇస్తే, చూసి పక్కవాళ్లూ వస్తారు. పేర్పు చెదిరితే గ్రాంటు పోతుంది, గ్రాంటుతో బ్యాంకు పోతుంది, అప్పుడు పది ఇళ్లకూ లేదు, ముప్పైకీ లేదు. ఇవ్వలేదు.

పని మొదలుపెట్టాం. ఇంటి లోపల వెదుళ్లతో పరంజా కట్టి, దాని మీద నిలబడి, చూరు దగ్గర నుంచి పైకి ఒక్కో రేకూ పరుచుకుంటూ పోవాలి. మనిషి రేకు మీద ఉండడు, ఇంకా కప్పని ఖాళీలోంచి తల బయటపెట్టి బిగిస్తాడు. అయితే ఆఖరి రేకు ఆ ఖాళీనే మూసేస్తుంది. దాని బోల్టులు పై నుంచే బిగించాలి. అక్కడ పలక కావాలి. ముప్పై ఇళ్లు, రెండు పలకలు. ఒక ఇంటి మీద పని అయ్యేవరకు పక్కింటివాళ్లు కాచుకోవాలి.

మధ్యాహ్నానికి సగం పైన ఇళ్లు మూతపడ్డాయి. అప్పుడు అనంతగిరి వైపు ఉరిమింది. గాలి తిరిగింది. మూడో వరసవాళ్లు పలక ఏదని అరుస్తున్నారు. నేను రెండో వరసలో నిచ్చెన కింద ఉన్నాను. తలెత్తితే, నాలుగో వరస చివర సొనాయి ఇంటి కప్పు మీద మనిషి. డొంబ్రు. కాళ్ల కింద పలక లేదు. బీటలిచ్చిన రేకులు, వాటి మీద అతను.

పరుగెత్తాను. కింద నిలబడి పిలిచాను.

“బావా, దిగిపో.”

“రెండు బోల్టులే మేస్త్రమ్మా. అయిపోనాది.”

“దిగు. నువ్వు దిగినాకే తక్కిన ఇళ్ల మీద పని.” వెనక్కి తిరిగి, పలకలు రెండూ నా దగ్గరకు తెచ్చేయమన్నాను.

ముందు ఎవరూ కదల్లేదు. కొండ మీద పెద్దమనిషిని అలా దిగమని ఎవరూ అనరు, అందులోనూ కిందిదేశం ఆడది, జీతానికి పనిచేసేది. తర్వాత రెండో వరస కుర్రాళ్లు పలక తెచ్చి నా పక్కన పెట్టారు. రెండోది కూడా వచ్చింది. సుత్తి చప్పుళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

సొనాయి నా మీదికొచ్చింది. “నీ మొగుడు పడిపోనాడని మా ఇళ్లన్నీ తడిపేత్తావేటి?”

నేను ఆమె వైపు చూడలేదు. పైకే చూస్తున్నాను. డొంబ్రు మబ్బు వైపు చూశాడు, తన చేతిలోని బోల్టు వైపు చూశాడు. అతని మోకాలి కింద రేకు సన్నగా చప్పుడు చేసింది, నాకు వినపడింది, అతనికీ వినపడి ఉంటుంది. బోర్లా పడుకుని, చేతులు చాచి, మెల్లగా గోడ మీదికి జారాడు. అక్కడి నుంచి పరంజా మీదికి. కిందికి వచ్చి నా పక్క నుంచే నడిచి వెళ్లాడు. ఆ వానాకాలమంతా నాతో మాట్లాడలేదు.

ఆ రేకు విరిగేదో విరగదో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. పలకలు తిరిగి ఇచ్చేశాను, పని మొదలైంది. కాని సొనాయి ఇంటికి పలక చేరేలోపు వాన చేరింది. బోల్టులు పడని ఆ ఆఖరి రేకును గాలి ఎత్తేసింది, ఆమె కప్పులో దానంత సందు ఉండిపోయింది. గాదె సరిగ్గా దాని కిందే ఉంది. ఇద్దరం కలిసి తాటాకు చాప కప్పాం, ఆమె నన్ను తిడుతూనే, నేను వింటూనే. విత్తనం సగానికి పైన తడిసి మొలకెత్తిపోయింది.

చరియ పూర్తిగా తీయకముందే డీఈ వచ్చింది. కారు అవతల వదిలేసి, బురదలో నడిచి, ఇవతల నుంచి ఆటోలో వచ్చింది. ఎం-బుక్ తడవకుండా ఏఈ గొడుగు పట్టాడు, అతను మాత్రం నిలువునా తడిశాడు. పది పేర్పులూ ఆవిడ రేకు రేకూ లెక్కపెట్టి, గోడలు కొలిపించి, రాయించి సంతకం చేసింది. తర్వాత ముప్పై ఇళ్ల అతుకుల కప్పులు చూసి, ఇలా ఎందుకు చేశారని డొంబ్రుని అడిగింది. నాకు చెప్పిందే ఆవిడకూ చెప్పాడు.

“ఇది ధైర్యమో తెలివితక్కువతనమో నాకు తెలీదు. ఈ పుస్తకంలో రెండింటికీ గడి లేదు,” అంది.

కాని వెళ్లి, తక్కిన ముప్పై ఇళ్లకు వచ్చే ఏడాది మంజూరు ఇవ్వాలని పైకి రాసింది. కొలత కాగానే పది ఇళ్ల పాత రేకులు మా చేతికొచ్చాయి. ముందు సొనాయి ఇంటికే వేయించాను. గ్రాంటు విడత పడింది, బ్యాంకు వదిలింది, వానల మధ్యే పది కప్పులు లేచాయి. మరుసటి ఏడాది ముప్పై ఇళ్లకూ మంజూరు వచ్చింది. తాము అన్నీ దించబట్టే వచ్చిందని డొంబ్రు అంటాడు. మొదటి ఉత్తర్వులోనే ఉంది, ఎలాగూ వచ్చేదే అని కార్యదర్శి అంటాడు. ఎవరి మాట నిజమో తేల్చుకోవాల్సిన అవసరం నాకు రాలేదు. సొనాయి ఆ ఏడు వేరే ఊరి విత్తనం తెచ్చుకుని ఆలస్యంగా చల్లింది, పంట సగమే వచ్చింది. ఇప్పటికీ నేను కనిపిస్తే పలకరింపుగా చోడి ధర చెప్తుంది.

రెండో ఏడాది ప్లాను వేసేటప్పుడు కమిటీ ముందు నేను ఒక్కటే అడిగాను. ముందు ఎవరికని కాదు, ఆఖర్న ఎవరు మిగులుతారు, అంతవరకు వాళ్లు దేని కింద పడుకుంటారు? ఆఖరి పదిళ్లవాళ్లను కూర్చోబెట్టి, కావలసిన టార్పాలిన్లూ మరమ్మతులూ ముందుగా ఇచ్చి, వాళ్లు సరేనన్నాకే మొదటి ఇంటి బోల్టు విప్పాం. ఇంకా నాలుగు పలకలు చేయించాం. సంఘాల్లో ఇలాంటి పని పెట్టుకునేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇదే. ప్లానులో డబ్బు ఎలా వస్తుందో రాసుకుంటారు, మనుషుల కష్టం ఎలా వస్తుందో రాసుకోరు. డబ్బు విడతలుగా వస్తుంది. కష్టం ఒక్కసారే వస్తుంది. ఆ రెంటికీ ముందే పొత్తు కుదర్చకపోతే మధ్యలో ఇళ్లు తడుస్తాయి.

పైడమ్మా, ఇక సాలు, ఆపీ. మొదట్నించి ఒకసారి సదివి ఇనిపించు. ఏఈ బాబుది తప్పన్నట్టు ఎక్కడైనా పడితే ఆగు, ఆ మాట నాను అనలేదు. సొనాయి తిట్టినవి మాత్రం ఒక్కటీ వొదలకుండా సదువు.